పాత చిన్న ల్యాప్‌టాప్: పైసలు పెట్టాలా, పక్కన పెట్టాలా?

నల్గొండ క్లాక్‌టవర్ దగ్గరికి పోయినా, పాలమూరు క్లాక్‌టవర్ దగ్గరికి పోయినా రిపేరు దుకాణంలో పాత ల్యాప్‌టాప్ పెట్టగానే వినిపించే మాట ఒకటే: "ఎస్‌ఎస్‌డీ ఏస్తే సెట్ అయితదన్నా." ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే పాత హార్డ్‌డిస్క్ బదులు పెట్టే వేగమైన డిస్క్. కొన్ని మిషన్లకు ఆ మాట అక్షరాలా నిజం. కొన్నింటికైతే ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటే ఉండదు. ఇంకొన్నింటికి చోటుంటుంది, పెట్టినా లాభముండదు, ఎందుకంటే రోగం ప్రాసెసర్‌లో ఉంటుంది. కాబట్టి దుకాణానికి పోకముందే ఇంట్లో అరగంట కూర్చుని మీ మిషన్ ఏ రకమో తేల్చుకోండి. స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

ఇక్కడ చెప్పేది 10 నుంచి 12 అంగుళాల చిన్న మిషన్ల గురించి. వీటికి పెద్దవాటితో లేని తిప్పలు ఉంటాయి: సన్నగా, చౌకగా చేయడం కోసం చాలా పార్టులు బోర్డుకే అతికించేస్తారు.

నెమ్మది ఎక్కడుంది?

మిషన్ ఆన్ చేసి పది నిమిషాలు ముట్టుకోకండి. ఆన్ అయిన కొత్తలో అప్‌డేట్లు, వైరస్ స్కానింగ్ డిస్కును దంచుతుంటాయి. అప్పుడు చూసే అంకెలు నమ్మలేం. తర్వాత రోజూ చేసే పనే పెట్టండి: క్రోమ్‌లో నాలుగైదు ట్యాబ్‌లు, ఒక ఎక్సెల్ ఫైలు, యూట్యూబ్‌లో ఏదో ఒక క్లాసు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో ఒక ఐదు నిమిషాలు సీపీయూ (అంటే ప్రాసెసర్), మెమరీ (అంటే ర్యామ్), డిస్క్ అనే మూడు గీతలు చూడండి.

డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి, సీపీయూ మాత్రం 20, 30 దగ్గరే ఉంటే మీది ఎస్‌ఎస్‌డీతో బాగుపడే కేసు. నిమిషానికి 5400 సార్లు తిరిగే పాత హార్డ్‌డిస్క్ ఒక పెద్ద ఫైలును వరసగా చదివేటప్పుడు సెకనుకు వంద ఎంబీ దాకా ఇస్తుంది. కానీ విండోస్ ఒక పెద్ద ఫైలు చదవదు, వేల చిన్న ముక్కలు ఏరుకుంటుంది. అక్కడ అది సెకనుకు ఒక ఎంబీ కూడా ఇవ్వలేక కూలబడుతుంది. సాటా (పాత హార్డ్‌డిస్క్ పెట్టే రకం కనెక్టర్) ఎస్‌ఎస్‌డీ వరసగా చదివితే 550 ఎంబీ వరకు వస్తుంది. అయితే అసలు తేడా ఆ అంకెలో లేదు, చిన్న ముక్కలను ఏరడంలో ఉంది.

మెమరీ 85 శాతం దాటి ఉండి, ట్యాబ్ మార్చినప్పుడల్లా పేజీ మళ్లీ మొదటి నుంచి లోడ్ అవుతుంటే ర్యామ్ చాలట్లేదు. ర్యామ్ నిండితే మిగిలిన సరుకును విండోస్ డిస్కు మీదికి తోస్తుంది కాబట్టి, హార్డ్‌డిస్క్ ఉన్న మిషన్లో ఈ రెండు గీతలూ ఒకేసారి పైకి పోతాయి. అలాంటప్పుడు ముందు ఎస్‌ఎస్‌డీ, ఆ తర్వాతే ర్యామ్.

ఒక్క యూట్యూబ్ వీడియోకే సీపీయూ 100 కొడుతుంటే, మెమరీ, డిస్క్ ఖాళీగా ఉంటే, ఆ మిషన్ మీద పైసా పెట్టకండి. ఈ ప్రాసెసర్ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చలేరు. ఇంటెల్ 7వ తరం (ఐ5-7200యూ లాంటి నంబరులో గీత తర్వాతి 7 అదే) కంటే ముందువాటిలో యూట్యూబ్ వాడే వీపీ9 రకం వీడియోను పూర్తిగా విప్పే ఏర్పాటు చిప్‌లో లేదు, అంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. బ్రౌజర్‌లో, యూట్యూబ్‌ను పాత రకం వీడియో ఇచ్చేలా చేసే హెచ్264ఇఫై లాంటి ఎక్స్‌టెన్షన్ వేస్తే కొంత ఊపిరి పీల్చుకుంటుంది. పైసలు పెట్టకుండా చేయగలిగేది అది.

ఒక మెలిక. సీపీయూ గీత కింద స్పీడు అంకె కూడా ఉంటుంది. 2 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ పని మీద ఉన్నప్పుడు 0.4, 0.7 దగ్గర ఇరుక్కుపోయి ఉంటే అది ముసలితనం కాదు. చాలావరకు రెండు కారణాల్లో ఒకటి: వేడి, లేదా చార్జర్. కొన్ని కంపెనీల చార్జర్ పిన్ను మధ్యలో సన్నని సూది ఉంటుంది. మిషన్ దాని ద్వారానే తన చార్జర్‌ను గుర్తుపడుతుంది. ఆ సూది వంగినా, విరిగినా, డూప్లికేట్ చార్జర్ పెట్టినా "ఇంతే కరెంటు వస్తుందేమో" అని మిషన్ తనను తానే కట్టేసుకుంటుంది. వేరొకరి ఒరిజినల్ చార్జర్ ఒక్కసారి పెట్టి చూడండి. కొత్త ల్యాప్‌టాప్ ఖర్చు అక్కడే మిగలొచ్చు.

ఇక వేడి. మన దగ్గర ఎండాకాలం 44, 45 డిగ్రీలు మామూలే. మిర్యాలగూడ రైస్‌మిల్లుల చుట్టుపక్కల ఊక దుమ్ము, పత్తి మిల్లుల దగ్గర నూగు ఫ్యాన్ రెక్కలు దాటుకుని పోయి, రాగి పైపు చివరి సన్నని రేకుల మీద కంబళి ముక్కలా పేరుకుంటాయి. గాలి బయటకు వచ్చే సందులో టార్చి వేసి చూస్తే ఆ పొర కనిపిస్తుంది. బయట నుంచి బ్లోయర్ కొడితే అది ఇంకా లోపలికి పోతుంది. వెనక మూత తీసి, రెక్కను వేలితో పట్టుకుని, తిరగకుండా ఆపి శుభ్రం చేయాలి. పట్టుకోకుండా గాలి కొడితే ఫ్యాన్ అతివేగంగా తిరిగి బేరింగ్ పోతుంది. ఐదారేండ్లయిన మిషనైతే అదే చేత్తో థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని రాగి పైపుకు అందించే లేపనం) కూడా మార్పించండి. సెలెరాన్ (ఇంటెల్ చౌక ప్రాసెసర్) ఉన్న చిన్న మిషన్లు కొన్నింటికి అసలు ఫ్యానే ఉండదు. వాటిని బొంత మీద, దుప్పటి మీద పెట్టి వాడకుండా ఉంటే చాలు.

ఏది ఊడుతుంది, ఏది ఊడదు

టాస్క్ మేనేజర్‌లోనే మెమరీ మీద నొక్కితే కింద "స్లాట్స్ యూజ్డ్", "ఫామ్ ఫ్యాక్టర్" అని ఉంటాయి. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర "రో ఆఫ్ చిప్స్" అని వస్తే ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది, పెంచలేరు. "సోడిమ్" అని వస్తే ఊడదీసే ర్యామ్ అయ్యే అవకాశం ఎక్కువ. అయినా కొన్ని మిషన్లు అతికించిన ర్యామ్‌ను కూడా సోడిమ్ అనే చూపిస్తాయి. మూత తీసి కళ్లతో చూశాకే ర్యామ్ కొనండి.

డిస్క్ మీద నొక్కి మొత్తం సైజు చూడండి. 29 జీబీ దరిదాపుల్లోనో 58 జీబీ దరిదాపుల్లోనో ఉంటే అది 32 లేదా 64 జీబీ ఈఎంఎంసీ. ఫోన్లలో ఉండే లాంటి మెమరీ చిప్ అది, బోర్డుకే అతికి ఉంటుంది. 11.6 అంగుళాల సెలెరాన్ మిషన్లలో చాలావాటి కథ ఇదే. 32 జీబీలో విండోస్ తన పెద్ద అప్‌డేట్‌కు చోటు లేక ఆగిపోతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ ఆగుతుంది. మిషన్ రోజంతా ఈ పనిలోనే ఉండి వాడేవాళ్లను సతాయిస్తుంది. మెమరీ కార్డు పెడితే ఫొటోలు దాచుకోవచ్చు తప్ప ఈ రోగం పోదు. ఇలాంటి బోర్డుల్లో కొన్నింటికి ఈఎంఎంసీతోపాటు ఖాళీ ఎం.2 స్లాట్ (కార్డు లాంటి ఎస్‌ఎస్‌డీ పెట్టే సందు) ఉంటుంది. మోడల్ నంబరుతో వెతికి చూడండి. అది ఉంటే కథ మారుతుంది.

2010 ప్రాంతంలో వచ్చిన ఆటమ్ నెట్‌బుక్‌లు (10.1 అంగుళాలు, 1024 బై 600 స్క్రీన్) ఇంకా చాలా ఇండ్లలో బీరువా మీద ఉన్నాయి. ఎన్450, ఎన్455 లాంటి వాటికి ర్యామ్ 2 జీబీ దాటదు. ఎస్‌ఎస్‌డీ వేస్తే ఆన్ కావడం తొందరపడుతుంది, బ్రౌజర్ మాత్రం పాకుతూనే ఉంటుంది. పాత ఎన్270 అయితే 32 బిట్, దాని మీద ఇప్పటి బ్రౌజర్లు నడవడమే కష్టం. వీటికి స్క్రూ కూడా కొనొద్దు.

ర్యామ్ కొనేవాళ్లకు ఒకటే జాగ్రత్త: పాతది తీసి, దాని స్టిక్కర్ ఫొటో తీసుకుని పోండి. డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, గాడి వేర్వేరు చోట ఉంటుంది కాబట్టి ఒకదాంట్లో ఒకటి దిగదు. మోసపోయేది డీడీఆర్3, డీడీఆర్3ఎల్ మధ్యనే. రెండింటికీ గాడి ఒకేలా ఉంటుంది, కానీ మొదటిది 1.5 వోల్టులది, రెండోది 1.35 వోల్టులది. ఎన్2840 లాంటి సెలెరాన్లు, 5వ తరం ఐ3లు 1.35 వోల్టులదే అడుగుతాయి. స్టిక్కర్ మీద "పీసీ3" తర్వాత "ఎల్" ఉందా లేదా, ఆ ఒక్క అక్షరం చూడండి. ఒకటే స్లాట్ ఉన్న మిషన్లో 4 తీసి 8 పెట్టాలి. రెండుంటే ఉన్న 4 పక్కన ఇంకో 4 చాలు.

విండోస్ గీత

విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగింది. ఇంట్లో వాడుకునేవాళ్లు అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకుంటే ఆ గడువు 2026 అక్టోబర్ 13 వరకు. ఆ తర్వాత విండోస్ 11 కావాలి. దానికి ఇంటెల్ 8వ తరం లేదా ఆ తర్వాతిది, ఏఎండీ అయితే చాలావరకు రైజెన్ 2000 వరస నుంచి, టీపీఎం 2.0 (కీలు దాచే భద్రతా ఏర్పాటు), 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ ఉండాలి. ఐ3-5005యూ, ఐ3-6006యూ, ఐ3-7020యూ ఈ గీతకు అవతలే, అంటే వాటికి విండోస్ 11 రాదు. చౌక సెలెరాన్లలో ఎన్3060, ఎన్3350 రావు, ఎన్4000, ఎన్4020 వస్తాయి. రన్ బాక్సులో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని ఇంగ్లిష్‌లో కొడితే టీపీఎం ఉందో లేదో, ఉంటే ఏ వెర్షనో చూపిస్తుంది. "లేదు" అంటే వెంటనే నమ్మకండి, బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) ఆపేసి ఉండొచ్చు. పీటీటీ లేదా ఎఫ్‌టీపీఎం అన్న పేరుతో ఉంటుంది, ఆన్ చేయండి.

అడ్డదారిలో విండోస్ 11 వేసి ఇస్తామనేవాళ్లు ఉన్నారు. వేస్తే పడుతుంది. కానీ ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్ దానంతటది రాదు, మళ్లీ దుకాణానికి పోవాలి. బ్యాంకు పని, ఆఫీసు పని చేసే మిషన్‌కు ఈ దారి మంచిది కాదు.

గీతకు అవతల ఉన్నా స్లాట్లు బాగున్న మిషన్‌కు లైనక్స్ మంచి ఆసరా. లైనక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ 4 జీబీ ర్యామ్‌లో హాయిగా నడుస్తుంది, 2 జీబీలో ఈడ్చుకుంటుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, మిషన్‌లో ఏదీ చెరపకుండానే పెన్‌డ్రైవ్ నుంచే ఒకరోజు నడిపి చూడొచ్చు: వైఫై పట్టిందా, సౌండ్ వచ్చిందా, మూత వేస్తే నిద్రపోయి మళ్లీ లేచిందా. పిల్లల క్లాసులకు, ఉద్యోగ పరీక్షల పీడీఎఫ్‌లకు ఇది చాలు. అయితే ఆధార్ వేలిముద్ర మిషన్ పెట్టి సర్వీస్ సెంటర్ నడిపేవాళ్లు, టెండర్లకు డిజిటల్ సంతకం టోకెన్ వాడేవాళ్లు, ట్యాలీ ఉన్న దుకాణదారులు, అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పెండ్లిపత్రికలు కొట్టే డీటీపీ వాళ్లు లైనక్స్ జోలికి పోవద్దు. ఆ పనులు చాలావరకు విండోస్‌కే కట్టేసి ఉన్నాయి.

లెక్క

ధరలు రాయడం లేదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా ఎగబాకాయి, ఈ వారం ధర వచ్చే వారానికి ఉండట్లేదు. లెక్క కట్టే పద్ధతి మాత్రం మారదు. పార్టులు, లేబర్ చార్జి, హైదరాబాద్ నుంచి తెప్పిస్తే ఆ ఖర్చు, అన్నీ కలపండి. అదే రోజు, 8వ తరం ఐ5 ఉన్న కంపెనీ వాడిన పాత మిషన్ ఎంతకొస్తుందో అడగండి. మీ ఖర్చు అందులో మూడో వంతు దాటితే ఆగండి. అది 18,000 అనుకుంటే మీ హద్దు 6,000. విండోస్ గీతకు అవతల ఉన్న మిషన్‌కైతే ఆరో వంతుకు మించి పెట్టడం దండగ.

ఇందులో ఇంకో కోణం ఉంది. 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీ మీద పెట్టిన పైసలు ఎటూ పోవు. రేపు మిషన్ చచ్చినా చిన్న యూఎస్‌బీ కేసులో పెట్టుకుంటే బ్యాకప్ డిస్క్ అవుతుంది. డీడీఆర్4 ర్యామ్ తర్వాతి మిషన్‌లోకి పోవచ్చు. బ్యాటరీ, కీబోర్డు, స్క్రీన్ మాత్రం ఆ మోడల్‌తోనే పోతాయి. చిన్న మిషన్లలో కీబోర్డు చాలాసార్లు పైమూతకు ప్లాస్టిక్ బొడిపెలు కరిగించి అతికిస్తారు, మార్చాలంటే మూత మొత్తం మార్చాలి. స్క్రీన్ తెరిచి మూసే కబ్జా (హింజ్) విరిగి, దాని స్క్రూ పట్టుకునే ప్లాస్టిక్ కూడా ఊడిందంటే ఎంసీల్ పెట్టి కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. మళ్లీ ఊడినప్పుడు స్క్రీన్ వైరును కూడా కోస్తుంది. కబ్జా పోయిన మిషన్‌కు ఎస్‌ఎస్‌డీ వేయకండి.

ఎస్‌ఎస్‌డీ మార్చే పని

ముందు పాత డిస్క్ ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 05, సీ5, సీ6 వరసల్లో సున్నా కాకుండా అంకె ఉంటే డిస్క్ పోయే దారిలో ఉంది. అప్పుడు క్లోనింగ్ (ఉన్నదున్నట్టు కొత్త డిస్కుకు నకలు తీయడం) అంటూ గంటల తరబడి దాన్ని తిప్పకండి, ముఖ్యమైన ఫోల్డర్లు ముందు బయటకు లాగండి. ఫొటోలు, డెస్క్‌టాప్ అందరూ గుర్తుపెట్టుకుంటారు. మరిచిపోయేవి ట్యాలీ డేటా ఫోల్డర్, బ్రౌజర్ పాస్‌వర్డ్‌లు, ప్రింటర్ డ్రైవర్ సీడీ. ట్యాలీ లైసెన్స్‌ను పాత విండోస్‌లో ఉండగానే సరెండర్ చేయండి. బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. అది లేకుంటే పాత డిస్క్‌ను బయట పెట్టినా తెరుచుకోదు.

పాత చెత్తతో క్లోన్ చేయడం కంటే కొత్తగా విండోస్ వేయడమే మేలు. బోర్డు మారలేదు కాబట్టి విండోస్ 10, 11ల డిజిటల్ లైసెన్స్ నెట్‌కు కలపగానే దానంతటదే వస్తుంది, ఎవరికీ కీ కోసం పైసలు ఇవ్వకండి.

సాటా స్లాట్ అయితే 7 మిల్లీమీటర్ల మందం ఎస్‌ఎస్‌డీ చాలావరకు మిషన్లలో దిగుతుంది. పాత డిస్క్ 9.5 మిల్లీమీటర్లదైతే వదులు రాకుండా డబ్బాలో వచ్చే ఫ్రేమ్ అతికించండి. ఎం.2 అయితే సాటాదా, ఎన్‌వీఎంఈదా (ఎస్‌ఎస్‌డీ మిషన్‌తో మాట్లాడే రెండు పద్ధతులివి) తేల్చుకున్నాకే కొనండి. సాటా మాత్రమే ఉన్న స్లాట్‌లో ఎన్‌వీఎంఈ కార్డు దిగొచ్చు, మిషన్ మాత్రం చూడదు. పొడవు కూడా కొలవండి. చిన్న మిషన్లలో 80 కాకుండా 42 మిల్లీమీటర్లకే చోటుండొచ్చు. సైజు 256 జీబీ చాలు.

షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, మూత విప్పగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. తర్వాత పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు పోతుంది. స్క్రూలను ఒక కాగితం మీద మిషన్ బొమ్మ గీసి, ఏ చోటుది ఆ చోటే గుచ్చిపెట్టండి. పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో బిగిస్తే కీబోర్డు వైపు బొబ్బలా లేస్తుంది, బోర్డూ పగలొచ్చు. మూత చుట్టూ ప్లాస్టిక్ కార్డుతో లేపండి, స్క్రూడ్రైవర్ వద్దు. చదును కేబుల్‌ను లాగేముందు దాని తాళం రెక్క పైకి లేచేదా, పక్కకు జరిగేదా చూడండి. ఆ రెక్క విరిగితే కీబోర్డో టచ్‌ప్యాడో పోయినట్టే. ర్యామ్‌ను వాలుగా దూర్చి కిందికి నొక్కితే రెండు పక్కల క్లిప్పులు "టిక్" అనాలి. ఒక్క పక్కే అంటే తీసి మళ్లీ పెట్టండి.

మిషన్ బిగించాక "నో బూటబుల్ డివైస్" వస్తే కంగారు వద్దు. పాత విండోస్ లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో ఉండి కొత్తది యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో వేసి ఉంటారు, బయోస్‌లో ఆ ఒక్కటి మార్చాలి. ర్యామ్ మార్చాక నల్ల స్క్రీన్ వచ్చినా కనీసం రెండు మూడు నిమిషాలు ఆగండి, కొన్ని మిషన్లు కొత్త ర్యామ్‌ను కొలుచుకోవడానికి అంతసేపు తీసుకుంటాయి.

బ్యాటరీ

కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి ఇంగ్లిష్‌లో కొట్టండి. వచ్చే ఫైలులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ ఉంటాయి. రెండోది మొదటిదాంట్లో సగానికి తగ్గితే బ్యాటరీ అరిగింది. ఎప్పుడూ ప్లగ్‌లోనే వాడేవాళ్లకు కూడా అరగంట నిలిచే బ్యాటరీ కావాలి. గాలివానకు కరెంటు పోయిన ప్రతిసారీ మిషన్ ఉన్నపళంగా ఆరిపోతే ఫైళ్లు చెడతాయి. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీది పార్ట్ నంబరు, వోల్టేజి రెండూ కలవాలి. ఏండ్ల తరబడి అల్మారాలో ఉన్న "కొత్త" బ్యాటరీ లోపల ముసలిదే, తయారీ తేదీ చూడండి.

టచ్‌ప్యాడ్ నొక్కుకోకపోయినా, స్పేస్‌బార్ పైకి లేచినా, చదునైన బల్ల మీద మిషన్ ఊగినా బ్యాటరీ ఉబ్బింది. ఆ రోజు నుంచే చార్జింగ్ పెట్టొద్దు. గుచ్చొద్దు, బస్సు పార్శిల్‌లో పంపొద్దు.

మార్చాలనే తేలితే

పాత ల్యాప్‌టాప్‌లు ఎక్కువ రకాలు దొరికేది సికింద్రాబాద్ పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో. నల్గొండ నుంచి గానీ పాలమూరు నుంచి గానీ వంద కిలోమీటర్లే, పొద్దున పోయి మాపటికి రావచ్చు. అక్కడ "ఐ5" అన్న మాటకు విలువ లేదు. స్టిక్కర్ కాదు, పూర్తి నంబరు చూడండి: ఐ5-7200యూ గీతకు అవతల, ఐ5-8250యూ ఇవతల. కంపెనీల నుంచి వచ్చిన మిషన్లకు ఇంకో ముల్లు ఉంటుంది. కొన్ని ఇంకా పాత కంపెనీ ఖాతాకు కట్టి ఉంటాయి. దుకాణంలోనే విండోస్‌ను రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపండి. సెటప్‌లో ఏదో సంస్థ పేరు వచ్చి దాని మెయిల్ అడిగితే ఆ మిషన్ వదిలేయండి. నెట్ కలపకుండా చూపించేవాళ్లు ఈ సంగతి తెలిసే చూపిస్తారు. బయోస్‌కు పాస్‌వర్డ్ ఉందేమో, కింది మూత మీది సీరియల్ నంబరు బయోస్‌లోదానితో కలుస్తుందేమో చూసి, బ్యాటరీ రిపోర్ట్ అక్కడే తీయించి, వారంటీ రాసిన జీఎస్‌టీ బిల్లు తీసుకోండి. కొత్తది కొనేవాళ్లు ర్యామ్ స్లాట్ ఉందో లేదో అడగండి. లేకుంటే 8 జీబీ కంటే తక్కువది ముట్టుకోవద్దు.

పాత మిషన్‌ను పాత సామాన్ల బండికి వేసేముందు హార్డ్‌డిస్క్ ఊడదీసి దగ్గర పెట్టుకోండి. ఈఎంఎంసీ మిషన్‌లో అది కుదరదు కాబట్టి, రీసెట్‌లో "రిమూవ్ ఎవ్రీథింగ్" ఎంచి, "క్లీన్ డేటా" కూడా ఆన్ చేయండి. బ్యాటరీని వేరుగా తీసి, కనెక్టర్‌కు టేపు చుట్టి, ఈ-వేస్ట్ తీసుకునే చోటే ఇవ్వండి.